చప్పుడు చేయకండి, నిద్రపోతోంది

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం నిద్రపోతున్న మనిషిని చూస్తే. పామన్నా, పిడుగన్నా, చీకట్లో ఎవరో తలుపు తట్టినా నాకు ఇంత భయం లేదు. మెలకువగా ఉన్న మనిషి తిడుతుంది, దగ్గుతుంది, కాళ్ళు పీకుతున్నాయంటుంది, ఏదో ఒకటి అంటూ ఉంటుంది కాబట్టి ఉన్నట్టు తెలుస్తుంది. పడుకున్న మనిషి ఉన్నట్టో లేనట్టో ఎలా తెలుస్తుంది? ఇప్పుడు నా ఎదురుగా నేల మీద పరుపు మీద నా కూతురు పడుకుని ఉంది. పదకొండు నెలల పిల్ల. మూడు రోజుల జ్వరం ఇవాళ పొద్దున దిగింది. గంటసేపు దాన్ని ముట్టుకోనని డాక్టరమ్మకి మాటిచ్చి వచ్చాను. గోడ గడియారంలో రెండుంబావు. మూడుంబావు దాకా నేను దాన్ని ముట్టుకోకూడదు.

డాక్టరమ్మ కోపంగా చెప్పలేదు. పాప కనురెప్ప కిందికి లాగి చూసి, ఛాతీ మీద గొట్టం పెట్టి విని, "దీనికి జ్వరం పోయిందమ్మా, నిద్రే లేదు. రాత్రి ఎన్నిసార్లు లేపావు?" అంది. లెక్కపెట్టలేదండీ అన్నాను. "నేను పెట్టాను" అన్నాడు మా ఆయన గోడకి ఆనుకుని ఆవలిస్తూ, "దాన్ని పధ్నాలుగు సార్లు, నన్ను ఆరు సార్లు." నర్సు కిసుక్కున నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుంది, నాడి చూస్తుందేమో అనుకున్నాను, చూడలేదు, ఊరికే పట్టుకుంది. "మధ్యాహ్నం దానంతట అది పడుకుంటుంది. ఒక్క గంట నువ్వు దాని మీద చెయ్యి వెయ్యకు. ముక్కు కింద వేలు పెట్టకు. చెవి దగ్గర పిలవకు. దానంతట అది లేస్తుంది. సరేనా?" ఊఁ అన్నాను. "ఊఁ కొట్టడం కాదు, మాటివ్వు" అంది. ఇచ్చాను. మా ఆయన అటునుంచి అటే బస్సు డిపోకి వెళ్ళిపోయాడు, మధ్యాహ్నం షిఫ్టు, వెళ్తూ వెళ్తూ "గంటే కదే" అన్నాడు. గంటే. బస్సు కింద పడుకుని బోల్టులు బిగించే మనిషికి గంట అంటే రెండు చక్రాలు. నాకు గంట అంటే ఏంటో ఆయనకి చెప్పాను కూడా, పెళ్ళైన కొత్తలో, వింటూ వింటూ నిద్రపోయాడు, అప్పుడు లేపడం మొదలుపెట్టిందాన్ని ఇప్పటిదాకా ఆపలేదు. ఇప్పుడైతే కళ్ళు తెరవకుండానే, నా వేలు ముక్కు దగ్గరికి రాకముందే, "ఉన్నాను" అంటాడు. "ఉన్నానే తల్లీ, పడుకో." ఆ మాట విన్నాక నాకు కాస్త కునుకు పడుతుంది. పాపకి ఇంకా మాటలు రాలేదు కదా. ఉన్నాను అనడం వచ్చేదాకా నాకు నిద్ర లేదు.

ఇంటికొచ్చి భుజం మీంచి దింపానో లేదో పైన మొదలైంది. మా పైన ఒక పెద్దావిడ ఉంటుంది, ఒక్కత్తే, కుట్టుమిషను మీద కర్టెన్లూ దిండు గలీబులూ కుడుతుంది. వయసు డెబ్భై దాటింది, మిషను మీద కాళ్ళకి మాత్రం పదహారు. మా ఆయన ఆవిడకి టకటకమ్మ అని పేరు పెట్టాడు, నేను పెద్దమ్మా అంటాను, మా ఇద్దరి పిలుపులూ ఆవిడకి తెలుసు. మామూలు రోజుల్లో ఆ చప్పుడు నాకు వినపడనే వినపడదు. ఇవాళ మాత్రం ఒక్కొక్క టక్కూ నెత్తి మీద మేకు దిగినట్టే ఉంది. పైకెళ్ళి చెప్పొచ్చు, మెట్లు పదహారే, కానీ పాపని వదిలి ఎలా వెళ్ళను? నేల తుడిచే కర్ర తీసి పైకప్పుకి రెండు పోట్లు పొడిచాను. చప్పుడు ఆగింది, కుట్టు మధ్యలోనే ఆగినట్టుంది, టకటకట అని, చివరి టక్కు లేకుండా. అమ్మయ్య అనుకున్నాను. తర్వాత సిగ్గేసింది. పెద్దావిడకి కర్రతో పొడిచి చెప్పడమేంటి, నా మొహం మండా, సాయంత్రం వెళ్ళి ఏమీ అనుకోవద్దని చెప్పుకోవాలి అనుకుంటూ పాప పక్కన చతికిలబడ్డాను.

పొట్ట చూస్తున్నాను. పొట్ట లేస్తోంది, దిగుతోంది. ఫ్యాను వెయ్యలేదు, అందుకే నా మెడ వెనక చెమట, పాప నుదుటి మీద కూడా చిన్న చిన్న చుక్కలు, పాపం ఉక్కపోస్తోంది, వెయ్యొచ్చు, కానీ ఫ్యాను వేస్తే దాని గౌను కదులుతుంది, గౌను కదిలితే అది ఊపిరో గాలో నాకు తెలియదు. దుప్పటి కూడా కప్పను. పడుకున్న వాళ్ళకి దుప్పటి కప్పడం మానేసి నాలుగేళ్ళు. మా ఆయన చలికాలం వణుకుతూ పడుకుని పొద్దున్నే జలుబుతో లేస్తాడు, లేచి "జలుబు చేసిన శవం ఎక్కడా ఉండదు, నీకు అదే గుర్తు" అంటాడు. ఆయన జోకులు అలాగే ఉంటాయి. నవ్వుతాను కూడా. లేస్తోంది, దిగుతోంది. ఒక్కోసారి దిగాక కాస్త ఆగుతుంది చూడండి, లేవాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు, అప్పుడు నా ఊపిరి కూడా అక్కడే ఆగుతుంది, అది లేచాకే నాదీ లేస్తుంది, ఇలా గంటసేపు అంటే ఇద్దరికీ కలిపి ఒకే ఊపిరి, అది కడుపులో ఉన్నప్పటిలాగే. అప్పుడే బాగుండేది. కడుపులో ఉన్నప్పుడు తన్నేది. నిద్రపోయినా తెలిసేది, మేలుకున్నా తెలిసేది.

ఈ ఊపిరి పాఠం దాకా నేను చదువుకున్నాను. తొమ్మిదో తరగతి. బోర్డు మీద రెండు ఊపిరితిత్తులు గీసి, గాలి ఎటునుంచి ఎటు వెళ్తుందో బాణాలు వేసి, గుండె పాఠం వచ్చే వారం అన్నారు సైన్సు మాష్టారు. ఆ వచ్చే వారానికి నేను బడిలో లేను. అమ్మకి ఆయాసం ముదిరింది, లాండ్రీలో అమ్మ చోటు ఖాళీగా ఉంచరు కదా, నేను వెళ్ళి నిలబడ్డాను. పధ్నాలుగేళ్ళు నాకు. ఇప్పటికీ నాకు గాలి గురించి తెలుసు, గుండె గురించి తెలియదు. డాక్టర్లు గుండె అనగానే వెనక బెంచీలో కూర్చున్న పిల్లలా తలూపుతాను.

లాండ్రీ అంటే మీరు అనుకునే వీధి చివరి ఇస్త్రీ కొట్టు కాదు. ఆస్పత్రుల దుప్పట్లన్నీ మా దగ్గరికే వచ్చేవి, లారీల్లో, మూటలు మూటలుగా. ఒక గదిలో ఉతికే మెషీన్లు, పక్క గదిలో ఆరబెట్టే మెషీన్లు, ఇటు చివర మేం, మడత పెట్టే వాళ్ళం. ఆ చప్పుడులో పక్కమనిషి నోరు కదలడం కనిపిస్తుంది కానీ మాట వినపడదు. అందుకే అక్కడ పనిచేసిన ఆడవాళ్ళందరూ ఇళ్ళల్లో కూడా అరిచే మాట్లాడతారు, గుసగుస చెప్పినా వీధికి వినపడుతుంది. దుప్పటి మడతకి ఇద్దరు కావాలి. చెరో కొస పట్టుకుని బిగించి, ఎదురెదురు నడిచి, కొసలు కలిపి, మళ్ళీ వెనక్కి. మాటలు వినపడవు కాబట్టి దుప్పటితోనే మాట్లాడుకోవాలి. ఒక్క గుంజు గుంజితే ఆగు. రెండు గుంజితే రా. మా అమ్మ ఇంట్లో, నేను పనికి వెళ్ళబోయే ముందు రోజు, మంచం మీద కూర్చునే ఒక కొస తను పట్టుకుని నేర్పింది. ఆయాసంతో రెండు గుంజులకే అలిసిపోయి, "ఇంకో సంగతి గుర్తుపెట్టుకో. అక్కడ చప్పుడుకి భయపడకు. చప్పుడు ఆగితే పరిగెత్తు" అంది. నిజమే, మొదటి వారంలోనే చూశాను. ఒక మెషీను ఆగింది, గదిలో ఒక మూల చప్పుడు తగ్గింది, అంతే, మేస్త్రీ భోజనం ముందునుంచి ఎంగిలి చేత్తో పరిగెత్తుకొచ్చాడు. లాండ్రీలో చప్పుడు ఆగిందంటే ఏదో పాడైనట్టు. అదొక్కటే అక్కడి శాస్త్రం. ఐదేళ్ళు ఆ శాస్త్రం చదివి కూడా ఇంటికొచ్చి తప్పు రాశాను నేను.

రెండు ముప్పై. పాప అటు తిరిగింది. గోడవైపు. వద్దమ్మా, ఇటు తిరుగు, గోడవైపు తిరక్కు, నీకేం తెలుసు, నువ్వు అటు తిరిగితే నీ వీపు తప్ప నాకేం కనపడదు. నేను ఇటునుంచి లేచి, గోడకీ పరుపుకీ మధ్య, జానెడు చోటులో ఒదిగి కూర్చున్నాను. చెయ్యి మాత్రం వెయ్యలేదు. మాట మాటే. ఇక్కడినుంచి మొహం కనపడుతోంది. పెదవి కింద పాల చార ఎండిపోయి ఉంది.

మా అమ్మకి నిశ్శబ్దంలో నిద్ర పట్టేది కాదు. ఇరవై ఏళ్ళు ఆరబెట్టే మెషీన్ల పక్కన, భోజనాల విరామంలో, మూటల మీద వాలి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయిన మనిషి. ఇంటికి పరిమితం అయ్యాక ఆ నిద్ర పోయింది. "చెవులు ఖాళీగా ఉన్నాయే" అనేది. "ఏదన్నా చప్పుడు చెయ్యవే, కాస్త కళ్ళు మూస్తాను." అప్పుడు నేను గిన్నెలు తోమేదాన్ని. తోమిన గిన్నెలే మళ్ళీ తోమేదాన్ని, మూత తీసుకుని బిందె మీద పడేసేదాన్ని, బకెట్టులో పంపు పూర్తిగా తిప్పి వదిలేదాన్ని. పక్కింటి వాళ్ళు, ఈ పిల్లకి కోపం ఎక్కువ, గిన్నెల మీద చూపిస్తుంది అనుకునేవాళ్ళు. వాళ్ళకేం తెలుసు, అది మా ఇంటి జోలపాట. చప్పుడు మధ్యలో అమ్మ గురక మొదలయ్యేది. గురక వినపడాలంటే చప్పుడు ఆపాలి, ఆపితే లేచిపోతుంది. నవ్వొచ్చేది ఇద్దరికీ.

అమ్మకి దేవుడంటే భయం కంటే చనువు ఎక్కువ. ఆయన్ని మేస్త్రీతో మాట్లాడినట్టు మాట్లాడేది. "ఆయనకీ షిఫ్టులుంటాయే. మన పని ఆయన బల్ల మీదికి వచ్చేసరికి గంట కొడతారు, ఇంకొకరు వస్తారు, మళ్ళీ మొదటినుంచీ చెప్పుకోవాలి. అందుకే రోజూ చెప్పాలి, నిన్న చెప్పాను కదా అని ఊరుకోకూడదు" అనేది. ఏ మంచి జరిగినా, పంపులో నీళ్ళు వచ్చినా సరే, నీ దయ తండ్రీ అనేది. నాకూ అదే నోటికి వచ్చేసింది. ఆ రోజు కూడా అన్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నాలుక మీద ఏదో కాలినట్టు ఉంటుంది.

ఆ రోజు కరెంటు పోయి లాండ్రీ మధ్యాహ్నమే వదిలేశారు. నేను ఇంటికొచ్చేసరికి కరెంటు వచ్చి ఫ్యాను తిరుగుతోంది. ఒంటిగంట. అమ్మ గోడవైపు తిరిగి, మెడదాకా దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. నాలుగు రాత్రుల తర్వాత, కూర్చుని కూర్చుని దిండుకానుకుని తెల్లవార్లూ రొప్పిన మనిషి, పూర్తిగా పడుకుని ఉంది. గుమ్మంలోనే నిలబడిపోయాను. దుప్పటి భుజం దగ్గర కాస్త కదిలింది, నేను చూశాను. కదిలింది. నీ దయ తండ్రీ, ఇవాళైనా నిద్ర పట్టించావు అన్నాను, పైకే అన్నాను, చేతులు కూడా జోడించాను. జోడించి, చెప్పులు గుమ్మంలో విడిచి, వేళ్ళ మీద నడిచాను. పంపు కారుతుంటే చుక్క చప్పుడు కాకుండా కింద గుడ్డ పరిచాను. గ్యాసు బండ అతను వస్తే వేలు పెదవి మీద పెట్టి వెనక్కి పంపాను, పాపం భుజం మీద మోసుకొచ్చినవాడు మళ్ళీ మోసుకునే వెళ్ళాడు. పక్కింటి పిల్లలు బంతి గోడకేసి కొడుతుంటే వెళ్ళి, మా అమ్మ నిద్రపోతోంది, చప్పుడు చేయకండ్రా, అని బతిమాలాను, బంతి చంకలో పెట్టుకుని దొంగల్లా వెళ్ళిపోయారు. గోడ గడియారం టిక్కు టిక్కు మంటోందని కుర్చీ ఎక్కి దాని బ్యాటరీ కూడా తీసేశాను. ఇదిగో, ఈ గడియారమే. అప్పుడు ఇంట్లో ఎంత నిశ్శబ్దం వచ్చిందంటే, నా పనికి నాకే గర్వం వేసింది. ఎంత చక్కగా చూసుకుంటున్నాను అమ్మని అనుకున్నాను. వంటింట్లో గోడకానుకుని కూర్చుని నేను కూడా కాసేపు కళ్ళు మూశాను. చాలా రోజుల తర్వాత హాయిగా ఉంది. హాయిగా ఉంది నాకు. ఇది నేను ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా.

అమ్మతో పాటు ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసిన ఒకావిడ ఉండేది, పిన్నీ అనేదాన్ని. అమ్మని చూద్దామని వచ్చింది, వీధి మొదట్లో ఉండగానే ఆవిడ గొంతు వినపడింది. పరిగెత్తి గుమ్మంలోనే ఆపాను. "ఉష్. అమ్మ నిద్రపోతోంది పిన్నీ. గట్టిగా మాట్లాడకు." పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆ చెయ్యి మెల్లగా దింపి ఇల్లంతా ఒకసారి విన్నది. చూడ్డం కాదు, విన్నది. "నిద్రా?" అంది. "ఇంత చప్పుడు లేకుండానా? మీ అమ్మా?" అంతే. నన్ను తోసుకుని లోపలికి వెళ్ళింది.

తర్వాత ఎవరో డాక్టరు వచ్చాడు. రెండు గంటలు అయి ఉండొచ్చు, ఇంకా ఎక్కువే అయి ఉండొచ్చు అన్నాడు. ఎవరో గోడకేసి చూసి ఒంటిగంట ఇరవై అన్నారు. అది గడియారం పోయిన టైము, మనిషి పోయిన టైము ఎవరికీ తెలియదు. నేను వచ్చేసరికే పోయిందో, నేను వంటింట్లో కళ్ళు మూసుకున్నప్పుడు పోయిందో. ఆ దుప్పటి భుజం దగ్గర కదిలింది, అది ఊపిరికి కదిలిందో ఫ్యాను గాలికి కదిలిందో. నాలుగేళ్ళుగా ఆ దుప్పటి నా కళ్ళముందు కదులుతూనే ఉంది. ఊపిరి అయితే, నేను పిలిచి ఉంటే లేచేదా? ఒక్క గిన్నె కింద పడేసి ఉంటే? అందరూ ఏడుస్తున్నప్పుడు నేను వెళ్ళి ఆ దుప్పటి కొస పట్టుకుని రెండుసార్లు గుంజాను. రా అని. పిన్ని చూసింది, పనిలో మనిషి కదా, తనకి అర్థమైంది. అటు కొస తను పట్టుకుంది. ఒక్కసారి గుంజింది.

ఆ తర్వాత నీ దయ తండ్రీ అనడం మానేశాను. కోపంతో కాదు. అంటే ఏమవుతుందో అని. పాప పుట్టినప్పుడు ఏడుపు వినపడగానే ఆ మాట పళ్ళ దాకా వచ్చింది, పళ్ళు బిగించాను, నర్సు నొప్పేమో అనుకుంది. ఇవాళ పొద్దున థర్మామీటరులో జ్వరం దిగినప్పుడూ అంతే. ఆయనతో అసలు మాట్లాడటం లేదని కాదు. మాట్లాడతాను. కాపాడు అంటాను, చూసుకో అంటాను, అడగాల్సినవన్నీ అడుగుతాను. కృతజ్ఞత ఒక్కటే చెప్పను. పని పూర్తయిందని తెలిస్తే ఆయన కూడా షిఫ్టు దిగిపోతాడేమోనని.

ఫోను వణికింది. మా ఆయన. గుడ్డలో చుట్టి చెవి దగ్గర పెట్టుకున్నాను. "ముట్టుకున్నావా?" అన్నాడు. లేదు అన్నాను. "నిజం?" "నిజం. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను." "శభాష్. టకటకమ్మ గోల చేస్తోందా?" "లేదు. ఆపమని కర్రతో పొడిచాను." "అమ్మో, ఆవిడ ఊరుకుందా? నేను ఒకసారి ఆపమంటే, నీ పెళ్ళికి కుట్టిన కర్టెన్లు విప్పి ఇచ్చెయ్ అంది" అని నవ్వుతూ పెట్టేశాడు. నేనూ నవ్వబోయాను. నవ్వు సగంలో ఆగిపోయింది.

ఆవిడ ఊరుకోదు. నిజమే. ఆవిడ ఊరుకునే మనిషి కాదు. మిషను ఆపినా రేడియో ఉంటుంది. రేడియో లేకపోతే దగ్గు. దగ్గు లేకపోతే చెప్పులు, అరిగిపోయిన మడమల చెప్పులు, గదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి గదిలోకి, మనిషి ఎక్కడుందో కింద నుంచి చెప్పగలను నేను. పైకి చూశాను. పైకప్పులో కర్ర పొడిచిన చోట సున్నం రాలి రెండు గుండ్రటి మచ్చలు. విన్నాను. పిన్ని విన్నట్టు విన్నాను. ఏమీ లేదు. అడుగు లేదు, దగ్గు లేదు, గిన్నె లేదు. ఎప్పటినుంచి లేదు? రెండుంబావు నుంచి. కుట్టు మధ్యలో ఆగింది కదా, చివరి టక్కు లేకుండా. కుట్టేవాళ్ళు ఎవరైనా అలా ఆపుతారా, ఆ కుట్టు చివరికి తెచ్చి దారం తెంపి కదా ఆపుతారు. డెబ్భై ఏళ్ళు. ఒక్కత్తే. నేను పొడిచిన పోటుకి ఉలిక్కిపడి... అమ్మయ్య అనుకున్నాను కదూ నేను. హాయిగా అనుకున్నాను. మళ్ళీ అదే. చప్పుడు ఆగితే పరిగెత్తమని చెప్పిన మనిషి కూతుర్నేనా నేను.

మూడుకి ఐదు తక్కువ. వెళ్ళాలి. పాపని ఎత్తుకుని వెళ్ళాలి. ఎత్తుకుంటే లేస్తుంది, మాట పోతుంది, మూడు రోజుల తర్వాత పట్టిన నిద్ర అది. వదిలి వెళ్ళాలి. పదహారు మెట్లు ఎక్కడం, పదహారు దిగడం, మధ్యలో తలుపు కొట్టడం. అంతసేపు దీని పొట్ట ఎవరు చూస్తారు? నేను చూడకపోతే అది లేవడం మరిచిపోతుందేమో. నవ్వుకోండి, మీకు నవ్వులాటగానే ఉంటుంది. నా చూపే దారంలా దాన్ని లాగి లేపుతోందని, తెగితే దిగింది దిగినట్టే ఉండిపోతుందని, నేను నిజంగానే నమ్ముతాను. ఇప్పుడు ఫోను చేద్దామా అంటే ఆవిడకి ఫోను లేదు. కర్రతో మళ్ళీ పొడుద్దామా అంటే, ఇందాక పొడిచిందే చాలు. కిటికీలోంచి పిలిస్తే పాప లేస్తుంది. లేవనీ. వద్దు. లేస్తోంది, దిగుతోంది. మూడు. చేతులు తిమ్మిరెక్కాయి. ఇద్దరు మనుషులు, ఇద్దరూ ఉన్నారో లేదో తెలియని మనుషులు, ఒకళ్ళు నేల మీద, ఒకళ్ళు నెత్తి మీద, మధ్యలో నేను. దుప్పటికి రెండు కొసలూ నా చేతిలోనే ఉన్నట్టుంది.

మూడూ ఐదుకి లేచాను. ఎలా లేచానో తెలియదు. దిండ్లు రెండు పరుపుకి అటూ ఇటూ పెట్టాను. గుమ్మం దాకా వెనక్కి నడుస్తూ వచ్చాను, చూపు తెంపకుండా, రాజుగారి ముందు నుంచి వెళ్ళేవాళ్ళలా. గుమ్మంలో తెంపాను. "చూసుకో" అన్నాను, ఎవరితో అన్నానో ఆయనకి తెలుసు. "ఇప్పుడు షిఫ్టు దిగావంటే ఊరుకోను." తలుపు బార్లా వదిలి మెట్లు ఎక్కాను. ఒకటి, రెండు, నాలుగు, లెక్క తప్పింది.

ఆవిడ తలుపు దగ్గరగా వేసి ఉంది. తోశాను. కర్టెన్లు దించి ఉన్నాయి, గది మసక. మిషను ముందు, స్టూలు మీద, ఆవిడ కూర్చుని ఉంది. తల కాస్త వంగి, చేతులు ఒళ్ళో. చెప్పులు విడిచి పక్కన పెట్టి ఉన్నాయి. కదలడం లేదు. మిషను మీద సగం కుట్టిన కర్టెను, సూది దాంట్లోనే దిగి ఉంది. దాని కొస నేల మీద జీరాడుతోంది. వంగి ఆ కొస పట్టుకున్నాను. రెండుసార్లు గుంజాను.

"ఉన్నానే, ఉన్నాను" అంది టకటకమ్మ, గుసగుసగా, కిందికి వినపడకుండా. "గుంజకు, కుట్టు తప్పుతుంది. పిల్ల లేచిందా?"

లేవలేదని తలూపాను. నేల మీద కూలబడిపోయాను.

"మరి నువ్వెందుకొచ్చావు? కర్రతో పొడిస్తే అర్థమైంది, జ్వరప్పిల్ల పడుకుందని. అప్పటినుంచీ ఇదే కూర్చోడం. దగ్గు వస్తే కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఈ స్టూలు కిర్రుమంటుంది, అందుకే లేవలేదు. నడుము పడిపోయిందే నాది. గంట ఎంత పొడుగే తల్లీ!" అని, నా మొహం చూసి ఆగింది. "ఏమైందే? ఏడుస్తున్నావా? నేను పోయాననుకున్నావా?"

మోచేత్తో మొహం తుడుచుకున్నాను. "పిచ్చిదానా. పిల్లంటే ఇష్టం లేని ముండనైతే కుట్టుకుంటూనే ఉండేదాన్ని. ఇష్టమై ఊరుకున్నాను" అంది. ఆ ఒక్క మాటకి నాకు లోపల ఎక్కడో బ్యాటరీ వేసినట్టు ఏదో కదిలింది. ఇష్టమై ఊరుకోవడం. పంపు కింద గుడ్డ పరచడం. బంతి చంకలో పెట్టుకున్న పిల్లలు. తప్పే, తప్పు కాదని ఎవరూ అనలేరు, కానీ ఇష్టమే అది కూడా.

అప్పుడు కింద నుంచి వచ్చింది. మొదట ఒక మూలుగు, తర్వాత ఆగకుండా, గొంతు చించుకుని, మూడు రోజుల కోపం అంతా కలిపి, ఇల్లు ఎగిరిపోయేలా ఏడుపు. మెషీన్లన్నీ ఒక్కసారి తిరగడం మొదలుపెట్టినట్టు. నేను మెట్లు దిగలేదు, దొర్లాను. అది దిండు దాటి పాకుతూ గుమ్మం దాకా వచ్చేసింది, ముక్కూ మొహం ఏకం. ఎత్తుకుంటే నా జుట్టు పట్టుకుని గుంజింది, ఒకసారా రెండుసార్లా, లెక్క లేదు, పత్రం లేదు. ఉన్నాను ఉన్నాను ఉన్నాను అని అంటున్నట్టే ఉంది నాకు. నీ దయ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగలేదు, అనలేదు. నోట్లోనే పెట్టుకున్నాను, రేపు చూద్దాం.

"ఇక కుట్టుకోనా?" అని పైనుంచి కేక. కుట్టుకో పెద్దమ్మా అని అంతకంటే పెద్ద కేక పెట్టాను. మళ్ళీ మొదలైంది, ఆగిపోయిన ఆ ఒక్క టక్కుతో సహా. భుజం మీద పాప వెక్కిళ్ళు పెడుతూ పెడుతూ, ఆ చప్పుడు వింటూ, తల వాల్చింది. కడుపులో ఉన్నప్పటినుంచీ ఇదే వింటోంది కదా, దీని అమ్మమ్మ లాగే దీనికీ చెవులు ఖాళీగా ఉంటే కుదరదని నాకు ఇప్పటిదాకా తోచలేదు. మళ్ళీ నిద్రపోయింది. ఫ్యాను వేశాను. పాలు పట్టిన గిన్నె, మూత, గరిటె తీసుకుని, పంపు పూర్తిగా తిప్పి, తోముతూ కూర్చున్నాను. పొట్ట చూడలేదని అనను. మూడుసార్లే చూశాను.

ఇది చదువుతున్న మీకు ఒక్కటే చెప్పుకుంటాను. మీ పక్క గదిలోనో, మీ పైనో కిందో, ఎవరో ఒకళ్ళు ఉండి ఉంటారు, నిద్రపోతున్నారు కదా అని మీరు చప్పుడు చేయకుండా తిరుగుతున్న మనిషి. రోజూ వినపడే దగ్గో, చెప్పులో, రేడియోనో ఇవాళ వినపడలేదేమో ఒకసారి వినండి. వినపడకపోతే ఇది ఇక్కడే పక్కన పెట్టి వెళ్ళండి. తలుపు తోసి పిలవండి. నిద్ర చెడగొట్టావని తిడతారు. తిట్టించుకుని రండి.